పాతరలో ఆగిన ఊఁ

అనగనగా... ఊఁ కొడుతున్నారా పిల్లలూ? కొట్టాలి మరి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నేను కథ చెప్పను. అంత పట్టుదల ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

అనగనగా ఎర్రకోన అని ఒక మెట్టరాజ్యం. అక్కడ వానలు తక్కువ. కురిసిన ఏడాది మాత్రం జొన్నలు విరగపండేవి. ఆ జొన్నలన్నీ పాతరల్లో పోసి దాచేవారు. పాతర అంటే నేలలోకి లోతుగా తవ్విన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు విశాలం. లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, మూతి మీద మట్టి మెత్తి మూసేస్తారు. కరువొచ్చినప్పుడు తీస్తారు.

ఆ పాతరలను కాచే దేవత పాతరమ్మ. పాతరమ్మకు పూజారిణి ఓబుళమ్మ. మంచి మనిషే కానీ మాట పడదు. ఎవరైనా ఒకటంటే తను నాలుగంటే తప్ప నిద్రపట్టదు. అంతటి ఓబుళమ్మకూ ఒక్కడి ముందు మాత్రం మనసు వెన్నలా కరిగిపోయేది. వాడు ఆమె తమ్ముడు తిప్పన్న. వాణ్ణి కని తల్లి పురిట్లోనే పోయింది. ఓబుళమ్మే తల్లై పెంచింది. పెరిగి పెద్దవాడై పాతరల్లో దిగి జొన్నలు తోడే పనిలో చేరాడు. వాడు దిగిన ప్రతిసారీ అక్క ప్రాణం గిలగిలలాడేది.

ఆ పని అంత భయంకరమైంది మరి. మూసిన పాతర తెరవగానే లోపలికి దిగిన మనిషి ఒక్కోసారి కేక కూడా వేయకుండా కూలిపోయేవాడు. అందుకని పూర్వం నుంచి ఒక ఆచారం ఉండేది. ముందుగా అమ్మ పేరు చెప్పి ఒక దీపం వెలిగించి, తాడు కట్టి, పాతర అడుగుదాకా దింపేవారు. దీపం ఆరిపోతే ఆరిన లోతుకు తాడుకు ముడి వేసి, అమ్మ ఇంకా నిద్ర లేవలేదని మూతి తెరిచే ఉంచి ఇళ్ళకు పోయేవారు. దీపం నిలిస్తే అమ్మ రమ్మందని దిగేవారు. దిగినవాడికి పైనుంచి ఒకరు కథ చెప్పాలి. కిందివాడు ఊఁ కొడుతూ పని చేసుకోవాలి. ఊఁ ఆగిందంటే వెంటనే తాడు లాగెయ్యాలి. ఎందుకిలా అని అడిగితే అమ్మ ఆన అనేవారు, అంతే.

ఎర్రకోనను ఏలే భైరవరాజుకు వాదాలంటే మహా సరదా. నిజం తేలాలని కాదు సుమా! ఒకరినొకరు ఎత్తిపొడుస్తుంటే చూసి నవ్వడం సరదా. ఎవరి తిట్టుకు బాగా నవ్వొస్తే వాళ్ళకు జరీ శాలువా కప్పేవాడు.

ఒకనాడు రాజుగారి సభకు విరూపాక్షుడనే పండితుడు వచ్చాడు. గాలినీ నీటినీ నిప్పునూ పరీక్షించి శాస్త్రాలు రాసినవాడు. రాజు వెంటనే ఓబుళమ్మను పిలిపించి, "దేవుణ్ణి నమ్మేవాళ్ళకు శాస్త్రం పొసగుతుందా? శాస్త్రం చదివినవాళ్ళకు దేవుడు పొసగుతాడా? మీరిద్దరూ తేల్చండి" అన్నాడు. అని సింహాసనం మీద కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

విరూపాక్షుడు లేచాడు. "ప్రభూ, ఈ పూజారమ్మ మూఢత్వం చూడండి. మట్టిగుంటకు మొక్కి దాన్ని అమ్మా అంటోంది. కానీ..." అని ఇంకేదో అనబోయాడు.

ఆ "కానీ" ఎవరికి కావాలి? ఓబుళమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "మా అమ్మను మట్టిగుంట అన్న ఆ నోరు పడిపోను! గాలిని కొలుస్తాడట, గాలిని! ముందు నీ బుర్రలో ఉన్న గాలి ఎంతో కొలుచుకో. మా ఆచారంలో దీపం..."

"దీపమట, దీపం!" అని పండితుడు చేతులు తిప్పాడు. "బుద్ధిలో చీకటి ఉన్నవాళ్ళు పాతరలో దీపం పెడతారట!"

సభ ఘొల్లుమంది. రాజు పడిపడి నవ్వాడు. ఇద్దరికీ చెరొక శాలువా కప్పాడు. పండితుడి "కానీ" వెనక ఏముందో ఎవరూ అడగలేదు. పూజారమ్మ దీపం గురించి ఏం చెప్పబోయిందో అసలే అడగలేదు. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు.

ఆ ఏడు వాన రాలేదు. పై ఏడూ రాలేదు. గాదెలు ఖాళీ అయ్యాయి. పసిపిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవారు. ఇక పాతరలు తీయక తప్పలేదు. రాజ్యం మొత్తానికి మిగిలినవి మూడు. చిన్నపాతర, నడిమి పాతర, కోటపాతర.

చిన్నపాతర తీసే రోజున ఒక సేవకుడు వచ్చి ఓబుళమ్మ చెవిలో ఒక మాట వేశాడు. "అమ్మా, దీపాన్ని అడుగుదాకా దింపి చూడాలని విరూపాక్షుల వారు అంటున్నారు."

ఓబుళమ్మకు ఒళ్ళు మండింది. "మా అమ్మ దీపం ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పాలా? అయితే దింపం గాక దింపం. నెత్తికెత్తి పట్టుకుంటాం!"

చూశారా వరస? తాతల నాటి నుంచీ దింపుతున్నది తనవాళ్ళే. పగవాడి నోట ఆ మాట రాగానే తన ఆచారమే తనకు చేదైపోయింది. దీపాన్ని మూతి దగ్గర నిలబడి ఆకాశానికెత్తారు. పైన గాలి చల్లగా వీస్తోంది. దీపం దివ్యంగా వెలిగింది. "అమ్మ రమ్మంది!" అని మారయ్య దిగాడు.

కథ మొదలైంది. ఊఁ అన్నాడు. ఊఁ అన్నాడు. ఆ తరవాత ఊఁ లేదు. తాడు లాగితే, వాడు నడుము నుంచి విప్పి కట్టిన బుట్ట వచ్చింది, మనిషి రాలేదు. "అన్నా!" అని అరిచి వాడి తమ్ముడు లక్కన్న దూకాడు. అతడి గొంతు కూడా మళ్ళీ వినిపించలేదు. పైన నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చల్లటి గాలిలో కూడా ఓబుళమ్మకు చెమటలు పట్టాయి.

శవాలను తీయడానికైనా దిగే ధైర్యం ఎవరికీ లేక చిన్నపాతరను మట్టితో పూడ్చేశారు.

విరూపాక్షుడు ఊరుకున్నాడా? "ఏమమ్మా, మీ అమ్మ ఇద్దరినీ పిలిచి భోజనం పెట్టిందా?" అన్నాడు. ఎంత మాట! ఆ క్షణాన అతడికి గెలుపే కనిపించింది కానీ చచ్చినవాళ్ళు కనిపించలేదు. నడిమి పాతర తీసే పని తన శిష్యులకు ఇప్పించుకున్నాడు.

"దీపం దింపి చూడమంటారా గురువుగారూ?" అని సారంగుడనే శిష్యుడు అడిగాడు.

దింపాలని పండితుడికి తెలుసు. కానీ చుట్టూ జనం ఉన్నారు. దీపం పట్టుకుంటే పాతరమ్మకు మొక్కాడని నవ్వుతారేమోనని బెంగ. "అమ్మవారి దీపం మనం ముట్టుకోవడమేమిటి? మూతి దగ్గర ముక్కుపెట్టి వాసన చూడు, చాలు" అన్నాడు. సారంగుడు వాసన చూశాడు. కమ్మగా జొన్నగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. ఊఁ కొట్టడం కూడా మూఢాచారమే కదా అని నోరు మూసుకుని దిగాడు. పైవాళ్ళూ నోరు మూసుకుని చూశారు. ఎంతసేపటికీ తాడు కదలలేదు. ఎప్పుడు పోయాడో కూడా ఎవరికీ తెలియదు.

నడిమి పాతరనూ పూడ్చేశారు.

ఇక ఊరంతా భయం పట్టుకుంది. పట్టపగలు కూడా పాతరల దారిన మనుషులు నడవడం మానేశారు. పూడ్చిన మట్టి కింద నుంచి ఊఁ అని వినిపిస్తోందని ఒకరన్నారు. వినలేదు కానీ విన్నట్టే ఉందని ఇంకొకరన్నారు. తల్లులు పిల్లల్ని కొంగుకింద దాచుకున్నారు. ఓబుళమ్మ ఇంట్లో దీపం వెలిగిస్తే చాలు, వత్తి వణికినప్పుడల్లా ఆమె గుండె జారిపోయేది. మారయ్య ముఖం కళ్ళముందు మెదిలేది. "నేనే చంపాను, నేనే చంపాను" అని లోలోపల కుమిలింది. పైకి మాత్రం అనలేదు. అంటే విరూపాక్షుడు గెలిచినట్టే కదా! ఆ పట్టుదల ఆమెను తినేసింది.

మిగిలింది కోటపాతర ఒక్కటే. అది పోతే రాజ్యమే పోతుంది.

ఆనాడు మిట్టమధ్యాహ్నం కోటపాతర మూతి తెరిచారు. రాజు గొడుగు కింద కూర్చున్నాడు. రాజుగారి ఎదుట ఆయన ఇచ్చిన శాలువా కప్పుకోవాలి కనుక ఓబుళమ్మ ఒక పక్క, విరూపాక్షుడు మరో పక్క జరీ శాలువాలతో నిలబడ్డారు. దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఓబుళమ్మ ఈసారి తాడు తీసి దీపానికి కట్టబోయింది. అమ్మా తప్పైపోయింది, పాత పద్ధతినే దింపుతాను అని మనసులో దణ్ణం పెట్టుకుంది. పండితుడు చూశాడు. "ఆహా! ఇప్పటికి నా మాట తలకెక్కిందన్నమాట!" అన్నాడు గట్టిగా. జనంలో నలుగురు కిసుక్కున నవ్వారు. ఓబుళమ్మ చెయ్యి ఆగిపోయింది. దీపం పక్కన పెట్టేసింది.

"నీ మాటా? నువ్వు పుట్టకముందు నుంచీ..."

"అక్కా!" అని తిప్పన్న అడ్డొచ్చాడు. వాడి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "పొద్దున్న మన పక్కింటి పాప లేవలేదే. మీ తగువు తెగేదాకా నేను ఆగలేను. నేను దిగుతున్నా. నువ్వు కథ చెప్పు, నేను ఊఁ కొడతా."

"వద్దురా నాయనా, నా మాట విను!"

వాడు వినలేదు. తాడు నడుముకు కట్టుకుని జారిపోయాడు. ఓబుళమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. మూతి పక్కన కూలబడి కథ మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాణ్ణి నిద్రపుచ్చడానికి చెప్పిన కథే.

"ఒక చీమకు ఏనుగుతో పెళ్ళి కుదిరిందిరా తిప్పా."

"ఊఁ."

"చీమ తల్లి పుట్టలో పందిరి వేసిందిరా."

"ఊఁ." నడుముకున్న తాడు విప్పి బుట్టకు కట్టాడు. ఒక బుట్ట జొన్నలు పైకి వచ్చాయి. జనం ఆనందంతో కేకలు వేశారు. వాడు జొన్నలు తోడుతూ కిందికి, ఇంకా కిందికి దిగుతున్నాడు.

ఆ కేకలు విని విరూపాక్షుడు ఊరుకోలేకపోయాడు. "దీపం లేకుండానే జొన్నలు వచ్చాయి కదా! ఇక ఆ దీపం ఎందుకమ్మా, ఇంట్లో పెట్టుకో" అన్నాడు. అంటే అన్నాడు, ఓబుళమ్మ విననట్టు ఉండవచ్చు కదా! ఉండలేకపోయింది. కథ ఆపి అతడి వైపు తిరిగింది. ఆమె ఒకటంది, అతడు రెండన్నాడు. ఆమె వాళ్ళ తాతలను తిట్టింది, అతడు వీళ్ళ దేవతలను తిట్టాడు. జనం రెండుగా చీలి అరిచారు. రాజు తొడ చరిచి నవ్వాడు.

ఎంతసేపు తిట్టుకున్నారో ఏమో! చటుక్కున ఓబుళమ్మకు గుర్తొచ్చింది. గిర్రున వెనక్కి తిరిగింది.

"తిప్పా! చీమ తల్లి పందిరి వేసిందిరా..."

ఊఁ లేదు.

"పందిరి వేసిందిరా నాన్నా!"

ఊఁ లేదు. తాడు చివర బుట్ట ఊరికే వేలాడుతోంది.

రాజు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఊఁ ఎప్పుడు ఆగిందో అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తెలియదు. అరుపుల్లో కొట్టుకుపోయింది. ఓబుళమ్మ మూతిలోకి కాలు పెట్టింది. ఎవరో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే విరూపాక్షుడు. ఆయన ముఖం పాలిపోయింది.

"వద్దమ్మా! దిగితే నువ్వూ పోతావు. లక్కన్న అలాగే పోయాడు."

మొన్నటిదాకా ఈ చెయ్యి తగిలితే స్నానం చేసేదేమో. ఇప్పుడు ఆ చేతినే రెండు చేతులా పట్టుకుంది. "అయ్యా, ఆ రోజు సభలో కానీ అన్నావు. ఆ కానీ తరవాత ఏముందో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పు. నేను ఊఁ కొడతా."

విరూపాక్షుడు చెప్పడం మొదలుపెట్టాడు. "కానీ ఆమె దీపం మెచ్చుకోదగ్గది, అనబోయాను."

"ఊఁ."

"మూసిన పాతరలో చెడుగాలి పుడుతుంది. దానికి వాసన లేదు. అది నీళ్ళలాగా బరువు. అడుగున నిలిచి ఉంటుంది, జొన్నలు కదిపితే పైకి లేస్తుంది. అందులో దీపమూ ఆరుతుంది, మనిషీ ఆరిపోతాడు."

"ఊఁ."

"నీళ్ళను తోడినట్టే దాన్నీ పైకి తోడెయ్యవచ్చు. గుడ్డలో వేపమండలు చుట్టి కిందికీ పైకీ గట్టిగా ఆడిస్తే చాలు. ఇక నీ మాట చెప్పమ్మా. మీ దీపాన్ని ఎలా దింపుతారు?" అని ఆయన అడిగాడు. "నేను ఊఁ కొడతా."

"అడుగుదాకా దింపుతాం. ఎక్కడ ఆరితే అక్కడికి ముడి వేస్తాం. ఆ ముడి దాటి మనిషి పోకూడదు."

"ఊఁ! అయితే ఆ ముడి ఎంత కిందికి జరిగితే అంత గాలి మారినట్టు" అన్నాడు. ఎన్ని పొత్తాలు తిరగేసినా దొరకని కొలత ఆయనకు అక్కడ దొరికింది.

ఇక క్షణం ఆగలేదు. ఆమె తన శాలువా లాగేసింది, ఆయన తనది లాగేశాడు. తిట్టినందుకు వచ్చిన ఆ రెండు శాలువాలూ కలిపి వేపమండలు మూటకట్టారు. తాడుకు కట్టి పాతరలో ఆడించసాగారు. జనమంతా వచ్చి తాడు పట్టారు.

ఒకసారి దీపం దింపారు. మెడ దాటగానే ఆరిపోయింది. ఓబుళమ్మ ఏడుస్తూ ముడి వేసింది. మళ్ళీ మూట ఆడించారు. రెండోసారి దింపారు. పాతర నడుముదాకా వెళ్ళి ఆరింది. "అమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం!" అని ఆమె మొక్కింది. పక్కనే విరూపాక్షుడు చేతులు బొబ్బలెక్కేలా తాడు లాగుతున్నాడు. ఆ మొక్కు ఆయన చెవిన పడింది. ఈసారి ఏమీ అనలేదు. మూడోసారి దీపం దిగింది. దిగి, దిగి, అడుగున నిలబడింది. ఆ వెలుగులో జొన్నల కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్న తిప్పన్న కనిపించాడు.

ఎవరు దిగాలి? మళ్ళీ అందరూ తలలు దించుకున్నారు.

"గాలి మారిందన్నది నేను. నేనే దిగుతాను" అన్నాడు విరూపాక్షుడు. నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొసను ఓబుళమ్మ చేతిలో పెట్టాడు. "ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుందమ్మా. తాడు వదలవుగా?"

"వదిలితే అమ్మ నన్ను వదలదయ్యా. నువ్వు ఊఁ మాత్రం మానకు."

అమ్మవారి దీపాన్ని ముందు పెట్టుకుని పండితుడు దిగాడు. ఓబుళమ్మ చీమ పెళ్ళి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అంతటి శాస్త్రవేత్త కిందనుంచి చంటిపిల్లాడిలా ఊఁ, ఊఁ అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ఊఁకూ ఊఁకూ మధ్య అందరూ ఊపిరి బిగపట్టారు.

తిప్పన్ననూ, వెనకే పండితుణ్ణీ పైకి లాగారు. తిప్పన్న పెదాలు నీలంగా ఉన్నాయి. ఓబుళమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని ముఖం మీద నీళ్ళు చల్లింది. కదలలేదు. పేరు పెట్టి పిలిచింది. కదలలేదు. ఇక పిలిచే ఓపిక లేక చెవి దగ్గర నోరు పెట్టి, "చీమ తల్లి పుట్టలో పందిరి వేసిందిరా" అంది.

చాలాసేపటికి వాడి పెదాలు కదిలాయి.

"ఊఁ..."

ఓబుళమ్మ బావురుమంది. విరూపాక్షుడు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రోజు ఎర్రకోనలో ప్రతి ఇంటా పొయ్యి రాజుకుంది. సాయంత్రం భైరవరాజు సభ చేసి, "ఇంతకీ గెలిచిందెవరు? దేవుడా, శాస్త్రమా?" అని అడిగాడు. పాత అలవాటు, ఏం చేస్తాం!

విరూపాక్షుడు లేచాడు. "ప్రభూ, పాతరమ్మను నేను చూడలేదు. చూడనిదాన్ని ఉందనను. ఆ దీపమే లేకుంటే నేను పైకి వచ్చేవాణ్ణి కాదు. అదీ నిజమే."

ఓబుళమ్మ ఊఁ కొట్టి, ఆయన కూర్చున్నాక లేచింది. "ఆ గాలిని మార్చింది మా అమ్మే అని నేనంటాను. ఈయన ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే పోనీ, నా తమ్ముణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కానీ రాజా, గెలుపు అనకు. ఆ రోజు సభలో నేను ఒక్క ఊఁ కొట్టి ఉంటే మారయ్య, లక్కన్న, సారంగుడు ఈ పూట వాళ్ళ ఇళ్ళలో జొన్నసంకటి తింటూ ఉండేవాళ్ళు. వాళ్ళకు నువ్వు ఏ శాలువా కప్పుతావు?"

రాజు తల దించుకున్నాడు. ఆ తరవాత ఆయన ఎవరి తిట్టుకూ శాలువా కప్పలేదు. ఎర్రకోన సభలో కొత్త ఆచారం వచ్చింది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు చివరిదాకా ఊఁ కొట్టాలి. వాళ్ళ మాట తిరిగి అప్పజెప్పాలి. ఆ తరవాతే తన జవాబు. విరూపాక్షుడూ ఓబుళమ్మా బతికినంతకాలం వాదించుకుంటూనే ఉన్నారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకున్న రోజు లేదు. పాతర తెరిచిన ప్రతిసారీ మాత్రం ఒకే తాడును ఇద్దరూ పట్టుకున్నారు.

కాబట్టి పిల్లలూ, నమ్మకాలు వేరైనా మర్యాద తప్పకూడదు. ఎదుటివారి మాటకు చివరిదాకా ఊఁ కొట్టినవారికే తమవారి ఊఁ ఆగిన క్షణం వినిపిస్తుంది.